గడ్డపారకి వినపడిన మాట

జూన్ 9, ఆదివారం

పిన్నీ,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు. నేను గొంతు చించుకుంటే కింద టైర్ల షాపాయన బయటికొచ్చి నా కిటికీ వైపు చూస్తాడు. మెసేజీ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. కాబట్టి ఇదిగో కాగితం, పెన్ను, నీ తోక. చిన్నప్పుడు నీ వెనకాలే తిరిగానని ఆ పేరు పెట్టావు. ఇప్పుడు నువ్వొక ఊళ్ళో, తోక ఇంకో ఊళ్ళో.

గది బాగానే ఉంది. అంటే, మంచం మీద కూర్చుని చెయ్యి చాపితే తలుపు గడియ అందుతుంది. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. గోడకి ఒక పైపు, పైపు కింద తడి మరక. పొద్దున అరచెయ్యంత ఉంటుంది, సాయంత్రానికి చాటంత అవుతుంది. నా గదిలో రోజు మొత్తం మీద జరిగేది అదొక్కటే.

మందుల పెట్టెల్లో మడతపెట్టి పెడతారే, ఎవరూ చదవని కాగితం, అది అచ్చుకి వెళ్ళేముందు తప్పులు చూడటం నా ఉద్యోగం. "చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి" అని రోజుకి నలభైసార్లు చదువుతాను. నన్నూ అలాగే ఉంచారు. పక్క సీటావిడ చెవుల్లో ఏవో పెట్టుకుని వస్తుంది, పెట్టుకునే వెళ్తుంది. పదిహేను రోజుల్లో ఆవిడ నాతో అన్న మాట "జరుగు".

ఇక నువ్వు అప్పజెప్పిన పని. మీ మిల్లు హాకీ గ్రౌండుకి వెళ్ళాను. మిల్లు లేదు, పొగగొట్టం సగం ఉంది. జట్టు మాత్రం ఇంకా మిల్లు పేరుతోనే ఆడుతోంది. నువ్వు చెప్పే ఎర్రమట్టి లేదు. నీలం తివాచీ లాంటిది పరిచారు. ఆటకి ముందు దాన్ని నీళ్ళతో తడుపుతున్నారు.

మీ పాత జట్టులో ఎవరు ఇప్పుడు ఎవరిలా ఉన్నారో చెప్పమన్నావు కదా. ఎడమ వింగులో పదకొండో నంబరు అచ్చం మీ గాలిపటమే. బంతి స్టిక్ దగ్గరికి వస్తే చాలు, దారం తెగినట్టే. మధ్యలో ఆడే ఎనిమిదో నంబరు మీ మాటకారి. స్టిక్ కన్నా నోరు ఎక్కువ ఆడుతుంది. ఇవాళ అంపైరుకే ఆట నేర్పబోయి బయట కూర్చుంది. నీలాంటి గోల్‌కీపర్ మాత్రం కనపడలేదు. ఇప్పుడున్న పిల్ల హెల్మెట్, ప్యాడ్లు వేసుకుని చుట్టిన పరుపులా ఉంది. పోలుద్దామంటే మొహం కనపడదు.

ఆట అయ్యాక అందరూ గుంపులు గుంపులుగా వెళ్ళారు. నేను తివాచీ ఆరేదాకా కూర్చుని వచ్చాను.

తోక

*

జూన్ 17

ఒసేయ్ తోకా,

ఎంక్వైరీ కౌంటర్లో కూర్చుని రాస్తున్నా. మధ్యలో బస్సులొస్తే మైకులో చెప్పాలి కాబట్టి వాక్యం తెగితే నన్ననకు.

ముందు ఒకటి చెప్పు. ఉద్యోగం మానేస్తానని రాయలేదేం? ఒంట్లో బాగానే ఉందా? రెండేళ్ళలో రెండు మానేశావు, నాకు అలవాటైపోయింది.

పదకొండో నంబరు గాలిపటంలా ఉందా! తడిపిన తివాచీ మీద నేనూ ఎగురుతానే. మా గాలిపటం వానకి చీలమండదాకా దిగబడే మట్టిలో, అడుగు ఊడిన బూటుకి నూలు దారం చుట్టుకుని ఎగిరింది. అది కొట్టేది తక్కువ, కొట్టినట్టు నటించేది ఎక్కువ. అవతలి జట్టంతా కుడివైపు దూకితే అది ఎడమవైపు నడుచుకుంటూ పోయేది. నీ పదకొండో నంబరు నటిస్తుందా, పరిగెత్తుతుందా? చూసి రాయి. పరిగెత్తడం కుక్కలకీ వచ్చు.

మాటకారి సంగతి ఒప్పుకుంటా. ప్రతి జట్టుకీ ఒకతి ఉంటుంది.

గోల్‌కీపర్ మొహంతో నీకేం పని? గొంతు విను. గ్రౌండు మొత్తం కనపడేది దానికొక్కదానికే. ముందున్న పదిమందికీ వీపున కళ్ళుండవు కదా, దాని గొంతే వాళ్ళ కళ్ళు. నన్ను తలుపు అనేవాళ్ళని చెప్పానుగా. అది చేతులు చూసి పెట్టిన పేరు కాదు. నేను అరిస్తే తలుపు ధడేల్మని వేసినట్టుండేదట. ఇప్పుడూ ఆ గొంతు అమ్ముకునే బతుకుతున్నా. ఇన్నేళ్ళు ఈ స్పీకర్ కింద కూర్చుంటే చెవులు పోక ఏమవుతాయంటాడు డాక్టరు. బస్టాండంతా నా మాట వింటుంది, నాకే వినపడదు.

రైట్ బ్యాక్ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఊరికే అడిగాలే. పెద్ద అవసరమేం లేదు.

మూడో ప్లాట్‌ఫారం మీదకి బస్సొచ్చింది.

పిన్ని

*

జూన్ 23, ఆదివారం

పిన్నీ,

ఊరికే అడిగినదానికి ఊరికే జవాబు. రైట్ బ్యాక్, అదే గోలు ముందు కుడివైపు కాసేది, నాలుగో నంబరు. పొడుగు. కాళ్ళు ఎడంగా పెట్టి, స్టిక్ నేలకి ఆనించి, భూమిలో పాతేసినట్టు నిలబడుతుంది. అవతలివాళ్ళు మీదకొస్తున్నా కదలదు. ఇంక అయిపోయింది అనుకునే క్షణంలో ఒకే ఒక్క అడుగు. బంతి దాని దగ్గరుంటుంది, వచ్చినది బోర్లా పడుంటుంది. పెనాల్టీ కార్నర్‌కి ముందు ఎడమ అరచెయ్యి మోచేతికి తుడుచుకుని, స్టిక్‌ని చేతిలో ఒక్క చుట్టు తిప్పుతుంది.

నా వెనక గేటు కాసే పెద్దాయన నిలబడి "గడ్డపార! అచ్చం గడ్డపారే!" అన్నాడు. ఎవరండీ గడ్డపార అంటే నన్ను క్లబ్బు గదిలోకి తీసుకెళ్ళి గోడమీద ఫోటో చూపించాడు. దుమ్ము తుడిస్తే నువ్వు! ముప్ఫై ఏళ్ళ కిందటి నువ్వు, నా ముక్కుతో. నీ పక్కన ఒక పొడుగావిడ నీ భుజం మీద చెయ్యి వేసి ఉంది. అందరూ కెమెరాని చూస్తుంటే మీరిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. గాలిపటం బూట్ల నుంచి మాటకారి పెళ్ళిదాకా అందరి కథలూ చెప్పావు. ఈవిడ గురించి ఎప్పుడూ చెప్పలేదేం పిన్నీ?

ఇవాళ్టి నుంచి నాలుగో నంబరు నాకు గడ్డపారే. అసలావిడ ఎక్కడుందో కనుక్కోనా? నాకు ఆదివారాలు ఖాళీ. సోమవారాలూ ఖాళీయే, ఆఫీసులో ఉంటాననే మాటే గానీ.

పదకొండో నంబరు పరిగెత్తుతుంది. నటించదు. నువ్వే గెలిచావు.

తోక

*

జూలై 1

తోకా,

ఫోటో ఇంకా ఉంచారా. నేను తీసేసుంటారనుకున్నా.

గడ్డపార, నేను ఒకే షెడ్డులో దారం చుట్టే పని. ఒకే షిఫ్టు, ఒకే గది, ఒకే అద్దం. అది నాకన్నా రెండేళ్ళు పెద్ద, జానెడు పొడుగు. అది ముందు, నేను వెనక. ఆరేళ్ళు నా గొంతు విని ఆడింది, వెనక్కి తిరిగి చూడకుండా.

ఫైనలు. ఆఖరి రెండు నిమిషాలు. గోలు ముందు అర్ధచంద్రంలా గీత ఉంటుంది, చూశావుగా, డీ అంటారు. గీత బయటనుంచి కొట్టిన బంతి కొట్టిన జట్టువాళ్ళు లోపల ఎవరూ తాకకుండా గోల్లో పడితే లెక్కలోకి రాదు. అలాంటి బంతే వచ్చింది, మెల్లగా, గడ్డపార పక్కనుంచి. దాని వెనకనుంచి వాళ్ళ పిల్ల ఒకతి దూసుకొస్తోంది, అది గడ్డపారకి కనపడదు. నేను అరిచాను, "వదలకే!" అని. అది వదిలేసింది. ఆ పిల్ల వచ్చి స్టిక్ తగిలించింది. గోలు. అంతే.

"వదలవే అన్నావు కదే" అంది. "వదలకే అన్నాను" అన్నా. జనం గోలలో దానికి క వినపడలేదు, వ వినపడింది. ఆ రాత్రి ఇద్దరం ఒకే గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాం. మిల్లులో అందరూ "తలుపు తీసి పెట్టావటగా" అని వెక్కిరిస్తుంటే అది పక్కనే ఉండి, 'ఇది అలా అనలేదు' అని ఒక్కమాట అనలేదు. నేను నెల తిరక్కుండా పని మానేసి వచ్చేశా. మానేసే బుద్ధి నీకెక్కణ్ణుంచి వచ్చిందని మీ అమ్మ అడుగుతుంటుంది కదా.

ముప్ఫయ్యొక్కేళ్ళు. కనుక్కోవద్దు. కనుక్కున్నా నాకు రాయొద్దు. రాస్తే చిన్నగా రాయి.

పిన్ని

*

జూలై 8, సోమవారం

పిన్నీ,

భోజనం టైములో రాస్తున్నా, పొడుగ్గా రాసే ఓపిక లేదు. ఇవాళ నావల్ల పెద్ద తప్పు జరగబోయింది, తరవాత చెప్తా. కళ్ళు ఇంకా మండుతున్నాయి.

నిన్న గడ్డపార గ్రౌండులో పడిపోయింది. మోకాలు. స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే పళ్ళు బిగబట్టిందే గానీ ఒక్క అరుపు లేదు. ఆసుపత్రిలో ఉంచారు, వచ్చేవారం ఆపరేషన్. ఇంటివాళ్ళు దూరమట, ఒక్కతే ఉంది. ఇక ఈ గ్రౌండుకి రాగలదో లేదో అంటున్నారు.

బెల్లు కొట్టారు.

తోక

*

జూలై 13

తోకా,

నీ ఉత్తరం వచ్చినప్పట్నుంచి తప్పు ప్లాట్‌ఫారాలు చెప్తున్నా. నిన్న ఒకాయన ఇద్దరు పిల్లల్నీ మూడు సంచుల్నీ వేసుకుని ఒకటోదానికీ ఐదోదానికీ మధ్య నాలుగుసార్లు తిరిగాడు.

అది ఇంకా గ్రౌండుకి వెళ్తోందన్నమాట. వెళ్తుంది మరి, ఎక్కడికి పోతుంది. అరవై దాటుంటాయి దానికి. ఈ వయసులో మోకాలంటే మాటలా? ఒక్కతే ఉందని రాశావు. నేనూ ఒక్కదాన్నేగా, ఏమైంది, బతకడంలేదా అనుకున్నా. కానీ మొన్న టీ తాగుతూ గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చేశా.

లోపల చిన్న కవరుంది. అంటించాను. పైన గడ్డపార అనే రాశా, అసలు పేరు రాయడానికి చెయ్యి రాలేదు. తీసుకెళ్ళి దాని చేతిలో పెట్టు. నువ్వు విప్పకు. ఆపరేషన్‌కి ముందే ఇవ్వు. ఇచ్చి వెంటనే వచ్చేయకు, కాసేపు కూర్చో.

పిన్ని

*

జూలై 18

పిన్నీ,

కవరు అందింది. ఆసుపత్రిలోకి రానిచ్చే టైమూ మా ఆఫీసు టైమూ ఒకటే. ఆదివారం వెళ్తాను.

తోక

*

జూలై 24

ఆదివారం అయిపోయింది. మూడు రోజులైంది. ఏమంది? విప్పిందా? చదివి నవ్విందా, పక్కన పడేసిందా? ఏమీ అనలేదన్నా సరే, ఆ మాటే రాయి.

పిన్ని

*

జూలై 28, ఆదివారం

పిన్నీ,

ఇది చదివేముందు మైకు కట్టెయ్.

పడిపోయింది నాలుగో నంబరు. ఇరవై మూడేళ్ళ పిల్ల. దాన్ని గడ్డపార అని పిలవడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, నీకు ఇంకో గడ్డపార ఉందని మర్చిపోయాను. నీ ఉత్తరంలో "అరవై దాటుంటాయి" దగ్గరికి వచ్చేదాకా నాకు తట్టలేదు. తట్టాక నీకు రాయడానికి ధైర్యం చాలలేదు. అసలావిణ్ణి వెతికి కవరు ఇచ్చేసి, అప్పుడు చెప్దామనుకున్నా. తప్పు తప్పుగా ఉండదు కదా అప్పుడు.

గేటు పెద్దాయన్ని అడిగాను. నాలుగేళ్ళయిందట పిన్నీ. జ్వరంలా వచ్చిందట, వారంలో మనిషి పోయింది.

రెండు లైన్లు వదిలేశాను, చూశావుగా.

అయినా ఇవాళ ఆసుపత్రికి వెళ్ళాను. కవరు సంచిలో ఉంది, ఎందుకు తీసుకెళ్ళానో తెలీదు. నాలుగో నంబరు కాలికి కట్టుతో, పైకప్పు ఫ్యాను చూస్తూ పడుకుని ఉంది. నేనెవరో తెలియదు దానికి. "ఆదివారాలు గేటు దగ్గర కూర్చునే అక్కవి కదూ? నువ్వెందుకొస్తావు, ఎవరి తరఫు?" అంది. ఎవరి తరఫూ కాదన్నాను. "పోనీలే, కూర్చో, ఈ పక్క మంచం ముసలమ్మ నిద్రలో నన్ను కోడలనుకుని తిడుతోంది, నువ్వుంటే నిన్ను తిడుతుంది" అంది. నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను.

అరచెయ్యి మోచేతికి తుడిచి స్టిక్ తిప్పడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "పెద్దక్క దగ్గర" అంది. మిల్లు మూశాక పద్దెనిమిదేళ్ళు ఆదివారం పొద్దున్నే పిల్లలకి ఆట నేర్పిందట పెద్దక్క. పొడుగ్గా ఉండేదట. పాతుకుపోయినట్టు నిలబడేదట. గేటు పెద్దాయన పోల్చింది ఊరికే కాదు పిన్నీ, ఆవిడ నిలబడటాన్నే ఈ పిల్ల నేర్చుకుంది.

"మరి మీ గోల్‌కీపర్ వెనకనుంచి ఏమని అరుస్తుంది?" అన్నాను. ఎందుకడిగానో నీకు తెలుసు.

"రెండే మాటలు" అంది. "బంతి నేను కొట్టాలంటే 'నీదే' అంటుంది. తనకి వదలాలంటే 'ఉన్నా' అంటుంది. డీలో ఇంకో మాట వినపడకూడదు. ముఖ్యంగా 'వద' అని మొదలయ్యే మాట ఏదైనా నోట్లోంచి వచ్చిందో, గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు. పెద్దక్క రూలు. ఇప్పటికీ అంతే."

ఎందుకని అడగలేదా అన్నాను.

"అడిగాం. చిన్నపిల్లలం కదా, నవ్వాం కూడా. పెద్దక్క నవ్వలేదు. 'ఆ మాట గాలికి నిలవదే. నా వెనకున్నది సరిగ్గానే చెప్పింది. నేను తప్పు విన్నాను' అంది. అంతే, ఇంకేం చెప్పలేదు."

పిన్నీ, నేను మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాను. సరిగ్గా విన్నానా అని. "నా వెనకున్నది సరిగ్గానే చెప్పింది." ఆ అమ్మాయి విసుక్కుంది.

జూలై 8న జరగబోయిన తప్పేంటో చెప్తానన్నాను. "పసిపిల్లలకు ఇవ్వకండి" అని ఉండాల్సిన చోట "ఇవ్వండి" అని ఉంది. మూడుసార్లు చదివి సంతకం పెట్టాను. పెద్దసారు చూడబట్టి ఆగింది. ఒక్క క లేదు. నేను అక్కడ క ఉన్నట్టే చదివాను, మూడుసార్లూ. ఉండాలని నాకు తెలుసు కదా, అందుకని ఉన్నట్టే కనపడింది. మీ గడ్డపారకీ అంతే జరిగుంటుంది. గీత బయటి బంతిని వదలాలని ఆవిడకి తెలుసు కదా.

కవరు నా దగ్గరే ఉంది. విప్పలేదు. తిట్టు, కానీ రాయి.

తోక

*

ఆగస్టు 5

తోకా,

తిట్టను. తిట్టడానికి రెండుసార్లు కూర్చున్నా, ఉత్తరం ముందుకి సాగలేదు.

నాలుగేళ్ళు. నాలుగేళ్ళ కిందట నేనేం చేస్తున్నానా అని ఆలోచించా. ఇదే కుర్చీ. ఇవే బస్సులు. అది పోయిన రోజు కూడా నేను మైకులో బస్సుల పేర్లు చెప్తూనే ఉండుంటా.

కవర్లో ఏముందో నీకు చెప్పాలి. నాలుగే లైన్లు. గీత బయటనుంచి బంతి రావడం చూడగానే నాకు ముందు తట్టింది "వదలవే" అనే. అనబోతుంటే ఆ పిల్ల కనపడింది. మాట మార్చాను. మార్చాననే ముప్ఫయ్యొక్కేళ్ళూ అందరితో కొట్లాడాను. కానీ నోట్లోంచి ఏది వచ్చిందో నాకే తెలియదే. తెలుసనుకున్నాను. ఒక్కోరోజు ఒక్కోలా వినపడుతుంది. అందుకే దానికి రాశాను: నువ్వు విన్నదే నిజమయ్యుంటుంది, నేను వదలవే అనే అన్నానేమో, మోకాలు జాగ్రత్త అని.

చూడు మరి. అది నా మాట నిజమంటూ పిల్లల్ని రౌండ్లు తిప్పింది. నేను దాని మాట నిజమంటూ కవరు అంటించాను. ఎవరి మాట నిజమో చెప్పేవాళ్ళు ఇంక లేరు.

కవరు తిరిగి పంపకు. పైన గడ్డపార అనే ఉంది కదా. ఆసుపత్రిలో ఉన్న గడ్డపారకే ఇవ్వు. చదివితే తలా తోకా అర్థం కాదు దానికి, ఫర్వాలేదు. చివరి లైను అర్థమవుతుంది. దాని దగ్గరికి వారం వారం వెళ్ళు. పక్క సీటావిడతో కూడా ఏదో ఒకటి మాట్లాడు, ఆవిడే ముందు మాట్లాడాలని కూర్చోకు. నేను కూర్చున్నాను, చూశావుగా.

కొత్త గోల్‌కీపర్‌లో నాలాంటిది కనపడలేదని మొదట్లో రాశావు. నన్ను వెతకడం ఆపు. దాని వెనక్కి వెళ్ళి నిలబడి, ఆ 'ఉన్నా' అనే మాట ఎలా అంటుందో విని రాయి. సాగదీస్తుందా, తెంపేస్తుందా.

ఇవాళ మధ్యాహ్నం రెండున్నర బస్సు వెళ్ళాక బస్టాండు ఖాళీ అయింది. ఊడ్చే ఆవిడ ఒక్కతే ఉంది, చివర ఐదో ప్లాట్‌ఫారం మీద, నాకు వీపు పెట్టి. మైకు ఆన్ చేసి "ఉన్నా" అన్నాను. నాకేం వినపడలేదు. గొంతులో అదురు మాత్రం తెలిసింది.

ఆవిడ చీపురు ఆపి వెనక్కి తిరిగి చూసింది. వినపడిందన్నమాట.

తలుపు